డబ్బు, కాళ్లు, పొయ్యి: మహమ్మారి వేళ నగరంలో తిండి అందేదెలా?

అంటువ్యాధి ప్రబలి నగరం తలుపులు మూసుకున్నప్పుడు వృద్ధులకు, రోగులకు, రోజు కూలీ మీద బతికేవారికి తిండి చేర్చే పనిలో ఉన్న పాఠకుల నుంచి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే విషయం అడిగినవాటిని కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మాకు సుమారు పదివేల జనాభా ఉన్న పేట అప్పగించారు. పింఛన్ల జాబితా చేతిలో పెట్టి వీళ్లకు పంపండి అన్నారు. మూడో రోజుకే జాబితాలో లేనివాళ్ల ఫోన్లు మొదలయ్యాయి. ఎవరికి ఇవ్వాలో తేల్చడం ఎలా?

మీ చేతిలో ఉన్నది మామూలు రోజుల జాబితా. జబ్బు రోజుల్లో ఆకలి కొత్త గడపలు తొక్కుతుంది. నిన్నటిదాకా సొంతంగా సరుకులు తెచ్చుకున్న పెద్దాయన ఇవాళ గడప దాటలేడు. ఇళ్లలో పనిచేసే ఆవిడను ఎవరూ లోపలికి రానివ్వరు. నగరంలో తిండి నిండుగా ఉంటుంది, ఈ మనుషులకూ దానికీ మధ్య దారి మాత్రం తెగుతుంది. అది ఎక్కడ తెగిందో కనుక్కుంటే సగం పని అయినట్టే.

ముందు ఉన్న జాబితాలు పోగుచేయండి. డయాలసిస్ కేంద్రాలు, క్షయ చికిత్స రిజిస్టర్లు, గర్భిణుల నమోదు, వికలాంగుల నమోదు, బడి భోజనాల హాజరు పట్టీ. ఈ ఆఖరిదాన్ని చాలామంది మరిచిపోతారు. 2020లో బళ్లు మూతపడినప్పుడు ప్రపంచమంతటా దాదాపు 37 కోట్ల మంది పిల్లలకు బడి భోజనం ఆగిపోయిందని ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమం లెక్కగట్టింది. బడి భోజనం తినే పిల్ల ఉన్న ఇల్లంటే, బడి మూసిన రోజు నుంచే తిండి తగ్గిన ఇల్లు. ఏ కాగితంలోనూ కనపడనివాళ్ల కోసం మాత్రం వాచ్‌మన్లను, పాలు పోసేవాళ్లను, చెత్త సేకరించేవాళ్లను అడగాలి. కట్టే భవనం కిందే పడుకునే కూలీలెవరో, ఏ మేడ మీది గదిలో ఒంటరి ముసలమ్మ ఉందో వాళ్లకు తెలిసినంతగా ఆఫీసుకు తెలియదు.

ఇక ఒక్కో ఇంటికి మూడు ప్రశ్నలు వేయండి. కొనడానికి డబ్బుందా? బయటికెళ్లి తెచ్చే కాళ్లున్నాయా? వండుకోవడానికి పొయ్యి, గ్యాసు, వండే చెయ్యి ఉన్నాయా? ఏం పంపాలో ఈ మూడు జవాబులే చెబుతాయి. డబ్బొక్కటే లేనివారికి నగదో వోచరో చాలు. కాళ్లొక్కటే లేనివారికి సరుకులు తెచ్చిపెట్టే మనిషి చాలు, బిల్లు వాళ్లే కడతారు. పొయ్యి లేనివారికే వండిన భోజనం. ఈ వేరుచేయడం జరక్కపోతే అందరికీ భోజనం పొట్లమే వెళ్తుంది. వంటశాల రెండు వారాల్లో చేతులెత్తేస్తుంది, నిజంగా పొట్లమే దిక్కైనవాళ్లకు అది ఆగిపోతుంది.

హెల్ప్‌లైన్ పెడితే ఈ లెక్క గుర్తుంచుకోండి. వివరాలు సరిగ్గా రాసుకోవాలంటే ఒక్కో కాల్‌కు 5, 6 నిమిషాలు పడుతుంది. అంటే ఒక మనిషి ఆరు గంటల్లో 60, 70 కాల్స్‌కు మించి తీసుకోలేరు. పదివేల జనాభాకు మొదటి వారం ఇద్దరుంటే సరిపోతుందనుకోకండి, నలుగురిని పెట్టండి. రాసుకోవాల్సినవి: పిలిచే పేరు, ఇంటి గుర్తు, ఎంతమంది, రెండేళ్లలోపు బిడ్డ ఉందా, షుగరు లేక కిడ్నీ జబ్బు ఉందా, నమలలేనివారు ఉన్నారా, ఆ మూడు ప్రశ్నల జవాబులు. ఇంతకన్నా ఎక్కువ అడిగితే లైన్ మీద వేచి ఉన్నవాళ్లు విసుగెత్తి పెట్టేస్తారు.

ప్రశ్న: గుర్తింపు కార్డు చూడకుండా ఇస్తే ఒకరే రెండుసార్లు తీసుకుపోరా?

కొందరు తీసుకుపోతారు. ఆ నష్టం కొన్ని పొట్లాలు. కార్డు అడిగితే వెనక్కి వెళ్లిపోయేవాళ్ల నష్టం మాత్రం మీ లెక్కల్లోకి రాదు, ఎందుకంటే వాళ్లు మళ్లీ కనపడరు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వనట్టు, పై నుంచి సరుకు దండిగా వచ్చినా బల్ల దగ్గర కూర్చున్న మనిషి ఆపేస్తాడు. న్యూయార్క్ నగరం 2020 ఏప్రిల్ నుంచి 400కు పైగా బడుల దగ్గర రోజుకు మూడు పూటల భోజనం ఇచ్చింది. పిల్లలకే కాదు, వచ్చిన పెద్దలకూ ఇచ్చింది. పేరు నమోదు లేదు, గుర్తింపు కార్డు లేదు. వండిన భోజనానికి అదే సరైన పద్ధతి. నెల సరుకుకీ నగదుకీ మాత్రం ఇంటికో నంబరు వేసుకుని ఒక పట్టీ ఉంచండి. ఫోన్‌కు వచ్చే అంకెలు చెబితేనే సరుకు అనే నియమం మాత్రం వద్దు. ఫోన్ లేనివారే మీకు ముందు కావలసినవారు.

ప్రశ్న: రోజుకు వెయ్యి పొట్లాలు పంపుతున్నాం. ఉదయం తొమ్మిదిన్నరకు వంట దించేస్తాం. ఆరుగురు కూర్చుని కడితే పన్నెండున్నర అవుతుంది. రెండింటికి తినేవాళ్లు వాసన వస్తోందంటున్నారు. సరుకు మంచిదే, నీళ్లు మంచివే. తప్పెక్కడ?

తప్పు గడియారంలో ఉంది. వేడిగా ఉంచే ఏర్పాటు లేని గిన్నెలో ఉన్న అన్నం తొమ్మిదిన్నరకు దిగి రెండింటికి నోట్లోకి వెళ్తోంది. నాలుగున్నర గంటలు. వండిన పదార్థం 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నంతసేపూ బ్యాక్టీరియా పెరుగుతుంది. వంటశాలలు పాటించే లెక్క ఇది: ఆ మధ్యలో గడిచిన కాలమంతా కలిపి రెండు గంటల్లోపైతే నిశ్చింత, రెండు నుంచి నాలుగైతే వెంటనే తినేయాలి, నాలుగు దాటితే పారేయాలి. ఎండ 32 డిగ్రీలు దాటిన రోజున బయట ఉంచే గడువు ఒక గంటే అనుకోండి.

వాసన వచ్చినందుకు ఒక రకంగా సంతోషించండి, అది హెచ్చరిక. అసలు భయం వాసన రానిదాంతో. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బియ్యంలో, ఇతర గింజల్లో విత్తనబీజం లాంటి రూపంలో ఉంటుంది, ఉడికినా చావదు. గోరువెచ్చగా దొరికితే మేల్కొని విషం తయారుచేస్తుంది. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. అందుకే ‘ఇంటికెళ్లాక ఒకసారి వేడిచేసుకోండి’ అనే సలహా మీ తప్పును దిద్దదు.

దిద్దుకునే దారి: వంటను మూడు వాయిలు చేయండి. మొదటి వాయి తొమ్మిదిన్నరకు, రెండోది పదిన్నరకు, మూడోది పదకొండున్నరకు దించండి. ఒక్కో వాయి సుమారు 335 పొట్లాలు, మీ ఆరుగురూ గంటలో కడతారు. కట్టిన వాయి కట్టినట్టే బండెక్కాలి. మూడూ అయ్యాక పంపుదామని ఆగితే వాయిలు చేసిన ఫలితం ఉండదు. ఇప్పుడు దించినప్పటి నుంచి ఇంటికి చేరేదాకా రెండు గంటలే. పొట్లం మీద దించిన టైమూ ఎన్నింటిలోగా తినాలో పెద్ద అక్షరాలతో రాయండి. చదువురానివారి కోసం ఇచ్చే మనిషి నోటితో చెప్పాలి.

దించేముందు గిన్నె మధ్యలో థర్మామీటర్ గుచ్చి చూడండి, 75 డిగ్రీలుండాలి. అంచున కాదు, మధ్యలో. థర్మామీటర్ మీద నమ్మకం కావాలంటే గ్లాసు నిండా పగలగొట్టిన ఐసు వేసి కొంచెం నీళ్లు పోసి ముంచండి, సున్నా చూపాలి. కట్టేవరకూ మూతపెట్టి సన్నటి సెగ మీద 60కి పైన ఉంచండి. వేడి నిలిపే డబ్బాలుంటే వంట పోసేముందు మరిగిన నీళ్లు పోసి పది నిమిషాలుంచి పారబోయాలి. చల్లటి డబ్బాలో పోస్తే మొదటి వేడంతా డబ్బాయే తాగేస్తుంది.

మిగిలిన వంటను రాత్రికి దాచాలనిపిస్తుంది. పెద్ద గిన్నెలో అలాగే వదిలితే మధ్యభాగం చాలా గంటలు గోరువెచ్చగానే ఉంటుంది. దాచాల్సిందే అయితే 5 సెంటీమీటర్ల లోతు మించని పళ్లేల్లో పరచండి. రెండు గంటల్లో 21 డిగ్రీలకు, మరో నాలుగు గంటల్లో 5 డిగ్రీలకు దిగాలి. అంత ఫ్రిజ్ లేకపోతే దాచే ఆలోచన మానుకోండి.

కొలతల గురించి కూడా అడిగారు. ఒక పూటకు మనిషికి బియ్యమో మరో ధాన్యమో 120 గ్రాములు, పప్పు 40, కూరగాయలు 100, నూనె 15. దాదాపు 730 కిలోక్యాలరీలు వస్తాయి. వెయ్యి పొట్లాలకు 120 కిలోల ధాన్యం, 40 కిలోల పప్పు, క్వింటా కూరగాయలు, 15 కిలోల నూనె. ప్రతి వాయి నుంచి 100 గ్రాములు శుభ్రమైన డబ్బాలో తీసి తేదీ, వాయి నంబరు రాసి మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచండి. ఎవరికైనా కడుపు నొప్పి వస్తే మీ వంటదా, కాదా అని తేల్చేది ఆ చిన్న డబ్బాయే.

ప్రశ్న: వండి పంపడం కష్టమై రెండు వారాలకు సరిపడే సరుకుల పెట్టె ఇద్దామనుకుంటున్నాం. ఏమేం పెట్టాలి?

పూర్తిగా సహాయం మీదే ఆధారపడిన మనిషికి రోజుకు సగటున 2,100 కిలోక్యాలరీలు అన్నది మానవతా సహాయంలో వాడే కొలబద్ద. దానికి సరిపోయే పాత సూత్రం ఒకటుంది: ధాన్యం 400 గ్రాములు, పప్పు 60, పోషకాలు కలిపిన పిండి 50, నూనె 25, చక్కెర 15, అయోడిన్ ఉప్పు 5. పద్నాలుగు రోజులకు గుణిస్తే మనిషికి 5.6 కిలోల ధాన్యం, 840 గ్రాముల పప్పు, 700 గ్రాముల పిండి, 350 గ్రాముల నూనె, 210 గ్రాముల చక్కెర, 70 గ్రాముల ఉప్పు.

ఇప్పుడు మొత్తం తూకం చూడండి. మనిషికి దాదాపు 7.8 కిలోలు, నలుగురింటికి 31 కిలోలు. మూడో అంతస్తులో ఉండే 75 ఏళ్ల ఆవిడ చేత ఆ పెట్టె ఎత్తిస్తారా? గుమ్మం ముందు దించేసి ఫొటో తీసుకుని వెళ్లిపోతే అది అక్కడే ఉంటుంది. కాబట్టి పెట్టెను 5, 6 కిలోలు మించని సంచులుగా విడగొట్టండి, లేదా వారానికోసారి పంపండి. నూనె సీసా మూత గట్టిగా ఉంటే కీళ్ల నొప్పులున్న చేతులకు రాదు. డబ్బాలు తెరవడానికి లాగే రింగు ఉన్నవే కొనండి. చిన్న విషయాలే అనిపిస్తాయి గానీ, సరుకు ఇంట్లో ఉండీ పస్తులుండటం ఇలాగే జరుగుతుంది.

బ్రిటన్ 2020లో తీవ్ర అనారోగ్యం వల్ల ఇల్లు కదలవద్దని చెప్పినవారికి మార్చి చివరి నుంచి జులై ఆఖరు దాకా వారంవారం ఉచిత పెట్టెలు పంపింది. మొత్తం 40 లక్షలకు పైనే. పని పెద్దది, వేగంగానూ జరిగింది. అయితే అందరికీ ఒకటే పెట్టె కావడంతో పడనివి, తినకూడనివి కూడా వచ్చాయని చాలామంది ఫిర్యాదు చేశారు. మూడు నాలుగు రకాల పెట్టెలుంటే చాలు: మామూలుది, మెత్తటి ఆహారంది, షుగరు ఉన్నవారిది, తక్కువ వంటతో పనయ్యేది. ఇరవై రకాలు పెట్టుకుంటే గోదాములో తికమక తప్పదు.

అన్నట్టు, వంటగ్యాసు ఉందో లేదో అడగకుండా పప్పు పంపకండి. నానబెట్టి గంట ఉడకాల్సిన పప్పు, గ్యాసు అయిపోతున్న ఇంట్లో డబ్బా అడుగునే ఉండిపోతుంది.

ప్రశ్న: జబ్బు సోకి ఇంట్లో విడిగా ఉన్నవారికి ఇవ్వడానికి మా కుర్రాళ్లు భయపడుతున్నారు. గుమ్మం దగ్గర పెట్టి వచ్చేస్తే చాలా?

పెట్టి వచ్చేస్తే చాలదు. తలుపు తట్టి, సంచి కింద పెట్టి, రెండు మీటర్లు వెనక్కి జరిగి, తలుపు తెరుచుకుని సంచి లోపలికి వెళ్లేదాకా నిలబడాలి. ఒంటరిగా ఉన్న రోగి విషయంలో రోజు మొత్తంలో తలుపు తట్టే మనిషి మీ కుర్రాడొక్కడే కావచ్చు. నిన్నటి సంచి గుమ్మం ముందే ఉందంటే దాన్ని ప్రమాద సూచనగా తీసుకోండి. అక్కడి నుంచే ఫోన్ చేయాలి. ఎత్తకపోతే పక్కింటివాళ్లను అడగాలి, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ చేయాలి, అప్పటికీ లేకపోతే గంటలోగా ఆరోగ్య సిబ్బంది తలుపు దగ్గర ఉండాలి. ఈ వరుసను కాగితం మీద రాసి ప్రతి కుర్రాడి జేబులో పెట్టండి.

1665 ప్లేగులో లండన్ నగరం సోకిన ఇళ్లకు బయటి నుంచి తాళం వేసి గుమ్మం ముందు కాపలా మనిషిని పెట్టింది. లోపలివాళ్లను బయటికి రానివ్వకపోవడంతోపాటు వాళ్లకు కావలసినవి తెచ్చివ్వడం కూడా అతని పనే. ఇంట్లో ఉండమని చెప్పిన నోరే తిండికీ పూచీ పడాలన్న సంగతి అంత పాతది.

భయం గురించి: జబ్బు ఎలా పాకుతుందో చూసి జాగ్రత్త ఎంచుకోవాలి. కోవిడ్ లాంటి శ్వాస జబ్బు తిండి ద్వారా, ప్యాకెట్ ద్వారా పాకుతుందనడానికి ఆధారాలు దొరకలేదు. అక్కడ మాస్కు, దూరం, గాలి ముఖ్యం, సంచులను మందు నీళ్లతో కడగడం వృథా శ్రమ. కలరా లాంటివి నీటి ద్వారా, తిండి ద్వారానే పాకుతాయి. అక్కడ సబ్బు, మరిగించిన లేదా క్లోరిన్ కలిపిన నీరు, వేడివేడి వంట ముఖ్యం. పచ్చి కూరగాయ ముక్కలు పొట్లంలో పెట్టనేకూడదు.

ప్రశ్న: 600 మంది వచ్చే పంపిణీ కేంద్రం దగ్గర తొక్కిసలాట అవుతోంది. పోలీసులను పిలవాలా?

బల్లలు పెంచండి. మనిషికి 20 సెకన్లు పడితే ఒక బల్ల గంటకు 180 మందికి ఇస్తుంది. మీరు రాసిన 600 మందికి ఒక్క బల్లే ఉంటే మూడు గంటలకు పైనే. మీటరు దూరంతో నిలబెడితే వరుస అరకిలోమీటరు దాటుతుంది. మూడు చోట్ల మూడు బల్లలు పెడితే గంటా పది నిమిషాల్లో అయిపోతుంది. జనం తోసుకునేది అయిపోతుందేమోనన్న భయంతో. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు కదా, వడ్డించేవాడు మనవాడు కాదనుకున్నప్పుడే ముందుకు ఉరుకుతారు. ఎన్ని పొట్లాలున్నాయో బోర్డు మీద రాసి, వరుసలో నిలబడగానే టోకెన్ చేతికివ్వండి. ముసలివాళ్లూ గర్భిణులూ అసలు వరుసలోకే రాకూడదు, వాళ్లు ఇంటికి పంపే పట్టీలోనివాళ్లు.

ప్రశ్న: షుగరు, కిడ్నీ రోగులకు, పసిపిల్లలకు ఏం పంపాలి?

ఇన్సులిన్ వేసుకునేవారికి ఏం పంపారన్నదెంత ముఖ్యమో ఎన్నింటికి పంపారన్నదీ అంతే ముఖ్యం. మందు పడి భోజనం రెండు గంటలు ఆలస్యమైతే చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. వాళ్ల ఇళ్లు ప్రతి రూటులో మొదటి స్టాపులు కావాలి. బండి ఆలస్యమైతే ముందే ఫోన్ చేయాలి. డయాలసిస్ రోగులకు ఉప్పు, పొటాషియం, ఫాస్ఫరస్ పరిమితులుంటాయి. మంచిదని అరటిపండు పెడితే అదే హాని చేయవచ్చు. వాళ్ల పట్టీని మీరే తయారుచేయకండి, కేంద్రంలోని డైటీషియన్‌ను అడగండి.

ఆరు నెలల్లోపు బిడ్డకు తల్లిపాలు చాలు. పాలపొడి డబ్బాలను అందరి పెట్టెల్లో వేయడం పెద్ద పొరపాటు. శుభ్రమైన నీరు, మరిగించే వీలు లేనిచోట అది విరేచనాలకు దారి, పైగా పాలిచ్చే తల్లి కూడా పాలు తగ్గించేస్తుంది. తల్లి లేని బిడ్డకో, వైద్యులు చెప్పిన బిడ్డకో మాత్రం ఆరోగ్య కార్యకర్త చేతుల మీదుగా, కలిపే పద్ధతి చూపించి ఇవ్వాలి. తల్లి పొట్లంలో మరికొంత తిండి పెట్టండి, అదే బిడ్డకూ చేరుతుంది.

ప్రశ్న: వంటవాళ్లలో ఒకరికి జబ్బు తేలితే వంటశాల మూసేయాలా?

అందరూ ఒకే జట్టైతే మూయక తప్పదు. అందుకే మొదటి రోజు నుంచే రెండు జట్లు, రోజు విడిచి రోజు, ఒకదాన్నొకటి కలవకుండా. తాళం చెవి, హాజరు పుస్తకం కూడా వేరు. విరేచనాలు, వాంతులు అయినవారు అవి తగ్గాక 48 గంటలు గరిటె పట్టుకోకూడదు. ఆ రోజుల కూలీ ఇవ్వండి, లేకపోతే జబ్బు దాచిపెట్టి వస్తారు. కర్ఫ్యూ ఉంటే వంటవాళ్లతోపాటు గోదాము హమాలీలకూ పాసులు ఇప్పించండి. మిల్లులో సరుకుండి, లారీ ఉండి, మూట దించే మనిషి లేక వంటశాల ఆగడం మామూలే.

ప్రశ్న: ఎప్పుడు ఆపాలి? పైనుంచి నెలాఖరు అంటున్నారు.

తేదీని బట్టి ఆపకండి. అవే మూడు ప్రశ్నలు ప్రతి రెండు వారాలకూ మళ్లీ వేయండి. పేటలో ఐదు దుకాణాల్లో పది సరుకుల ధరలు వారంవారం రాసుకోండి. దుకాణాలు తెరుచుకుని, ధరలు మునుపటికి దగ్గరై, పనులు దొరుకుతుంటే ముందుగా డబ్బు లోటున్న ఇళ్లు తగ్గుతాయి. వండిన భోజనం నుంచి సరుకులకు, సరుకుల నుంచి నగదుకు ఒక్కో మెట్టే దించండి. పద్నాలుగు రోజుల ముందే ఇంటింటికీ చెప్పండి. ఆఖరున ఇరవయ్యో ముప్ఫయ్యో ఇళ్లు మిగులుతాయి, జబ్బుకు ముందు నుంచే కాళ్లూ పొయ్యీ లేనివాళ్లు. వాళ్ల పేర్లు ఏ శాఖకు, ఏ మనిషికి అప్పగించారో రాసి సంతకం తీసుకున్నాకే హెల్ప్‌లైన్ నంబరు మూయండి.